మానిటర్ పోలేదు, కెపాసిటర్ పోయింది

మా ఇంట్లో నెల రోజులపాటు ఒక పంచాయితీ నడిచింది. నేరస్తుడు నా బల్ల మీదున్న పాత మానిటరు. 2008లో కొన్నాను, పంతొమ్మిది అంగుళాల చదరపు తెర. (నిక్కచ్చిగా చదరమేమీ కాదు, 5:4 నిష్పత్తి. కానీ ఇప్పటి వెడల్పాటి తెరల పక్కన పెడితే క్యారంబోర్డులాగే కనిపిస్తుంది.) పొద్దున్నే మీట నొక్కితే పచ్చ దీపం వెలుగుతుంది గానీ తెర వెలగదు. ఆపి, వేసి, మళ్ళీ ఆపి, మళ్ళీ వేసి, నాలుగైదు సార్లు బతిమాలాక అప్పుడు జాలిపడి వస్తుంది. ఒకసారి వేడెక్కిందా, ఇక రాత్రి దాకా పేచీ పెట్టదు. చలికాలంలో అయితే మరీనూ. మా నాన్న బజాజ్ చేతక్ కూడా ఇంతే. పక్కకి వంచి, చోక్ లాగి, పది కిక్కులు కొడితే గానీ పలికేది కాదు.

మా ఆవిడ మొదటివారంలోనే తీర్పు చెప్పేసింది. "ఏడెనిమిది వేలు పెడితే కొత్తది వస్తుంది. రోజూ పొద్దున్నే ఆ డబ్బాతో నీ కుస్తీ ఏంటి?" ఆఫీసులో నా టీములో పిల్లలైతే 2008 అని విని, నేను తాళపత్రాల మీద కోడు రాస్తున్నానన్నట్టు చూశారు. సరే, తయారుచేసిన కంపెనీ సర్వీసు సెంటరుకి ఫోన్ చేశాను. మోడల్ నెంబరు చెప్పగానే అవతలి అబ్బాయి, "అది మా సిస్టంలో లేదండీ. ప్యానెల్ పోయుంటుంది, పార్టులు రావు, కొత్తది తీసుకోండి" అన్నాడు. నేను ఇంకా రోగం ఏమిటో చెప్పనేలేదు!

అక్కడ నాకు ఒళ్ళు మండింది. ఎందుకంటే, మన ఉద్యోగాల్లో ఇలా కుదురుతుందా? అర్ధరాత్రి రెండింటికి ప్రొడక్షన్‌లో ఏదో పడిపోతే, "సర్వర్ పాతదైపోయింది, కొత్తది కొనండి" అని టికెట్ మూసేసి పడుకుంటే ఊరుకుంటారా? మర్నాడు కాల్‌లో పదిమంది కూర్చుని మూలకారణం ఏంటి, ఎప్పుడు మొదలైంది, లాగుల్లో ఏముంది అని తోలు వలిచేస్తారు. పన్నెండేళ్ళ నాటి జావా కోడుని, రాసినవాడు ఎక్కడున్నాడో కూడా తెలియకుండా, ప్యాచ్ మీద ప్యాచ్ వేస్తూ కాపాడుకొస్తున్న జాతి మనది. అదే మనిషి ఇంటికొచ్చి, తెర వెలగలేదనగానే ఒక్క ప్రశ్న కూడా వెయ్యకుండా ఫోన్ తీసి కొత్తది వెతుకుతాడు. నేనూ వెతికాను లెండి. రెండు మోడళ్ళు కార్టులో వేసి ఉంచాను కూడా. అబద్ధమెందుకు.

నా గొడవల్లా ఏంటంటే, "రిపేరా, కొత్తదా" అన్నది మొదటి ప్రశ్న కానే కాదు. మొదటి ప్రశ్న "పోయింది ఏది?" దానికి జవాబు దొరికితే, సగం కేసుల్లో రెండో ప్రశ్న దానంతటదే తేలిపోతుంది.

మానిటర్ లోపల నిజానికి పెద్ద రహస్యాలేమీ లేవు. ఒకటి ప్యానెల్, అంటే తెర. రెండోది కంప్యూటరు పంపిన బొమ్మని తెరకి అర్థమయ్యేట్టు మార్చే బోర్డు. మూడోది గోడ కరెంటుని లోపలి భాగాలకి కావలసిన చిన్న వోల్టేజీలుగా మార్చే పవర్ బోర్డు. పాత ఎల్.సి.డి.ల్లో తెర వెనక సన్నటి ట్యూబులైట్లుంటాయి, వాటిని వెలిగించడానికి ఇన్వర్టర్ అని ఇంకో ముక్క ఉంటుంది. (కరెంటు పోతే ఇంట్లో ఆన్ అయ్యే ఇన్వర్టరు కాదు, దాని బుల్లి తమ్ముడు.) 2010 ప్రాంతాల నుంచి ఆ ట్యూబుల స్థానంలో ఎల్.ఇ.డి.లు వచ్చాయి, ఆ ముక్కతో పని తప్పింది.

దీంట్లో ఏది పోయిందో కొంతవరకు మనమే ఇంట్లో కనిపెట్టొచ్చు. తెర నల్లగా ఉందా? గదిలో లైట్లార్పి ఫోన్ టార్చి తెరకి దగ్గరగా ఏటవాలుగా పెట్టి చూడండి. లోపల బొమ్మ మసగ్గా కనిపిస్తోందంటే తెర బతికే ఉంది, పోయింది వెనక వెలుతురు. రెండు క్షణాలు బొమ్మ వచ్చి చీకటైపోతే అది ఎక్కువగా ట్యూబో, ఇన్వర్టరో. నా మానిటరులాగా చల్లగా ఉన్నప్పుడు మొరాయించి వేడెక్కితే దారికొస్తుంటే, అనుమానం పవర్ బోర్డులో కెపాసిటర్ల మీద. పైనుంచి కిందికి ఒక రంగు గీత నిలబడిపోయి, అంచు మీద వేలితో నొక్కితే పోయి, వదిలితే వస్తోందా, అది ప్యానెల్ అంచున అతికించిన పల్చటి రిబ్బను ఊడిపోవడం. ఆ అతుకు వెయ్యడానికి ప్రత్యేకమైన మెషీను కావాలి. పెద్ద టీవీలకి చేసేవాళ్ళున్నారు గానీ చిన్న మానిటరుకి గిట్టదు.

కెపాసిటర్ల గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, మొత్తం కథ అక్కడే ఉంది. పవర్ బోర్డు మీద చిన్న డ్రమ్ముల్లా నిలబడి ఉండే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ల లోపల ఒక ద్రవం ఉంటుంది. వేడికి ఏళ్ళ తరబడి అది తగ్గిపోతుంది. దాంతో లోపలి నిరోధం పెరుగుతుంది. చల్లగా ఉన్నప్పుడు ఆ నిరోధం ఇంకా ఎక్కువ, అందుకే పొద్దున్నపూట మొరాయింపు. కాస్త వేడెక్కితే తగ్గుతుంది, బండి కదులుతుంది. మీటతో నేను పడ్డ కుస్తీ అంతా నాకు తెలియకుండానే కెపాసిటర్లని వేడిచెయ్యడం అన్నమాట!

దీనికి ఒక మోటు లెక్క కూడా ఉంది, మనవాళ్ళకి నచ్చుతుంది. పది డిగ్రీలు వేడి తగ్గితే కెపాసిటర్ ఆయుష్షు రెట్టింపవుతుంది. 105 డిగ్రీల దగ్గర 2000 గంటలు అని రాసున్న కెపాసిటర్ 65 డిగ్రీల్లో పనిచేస్తే నాలుగుసార్లు రెట్టింపై 32,000 గంటలొస్తుంది. రోజుకి పది గంటలు, ఏడాదికి మూడొందల రోజులు వేసుకుంటే పదేళ్ళ పైచిలుకు. అదే 75 డిగ్రీల్లో ఉడికితే సగానికి సగం, ఐదేళ్ళు. వెనక గాలి రంధ్రాల మీద గుడ్డ కప్పినా, గోడకి ఆనించినా ఏం పోగొట్టుకుంటున్నామో చూడండి. మా ఇంట్లో ఆ రంధ్రాల్లో పేరుకున్న దుమ్ముతో చిన్నపాటి దిండు కుట్టొచ్చు.

2000ల్లో మానిటర్లు, మదర్‌బోర్డులు కొన్నవాళ్ళకి ఇంకో శాపం కూడా తగిలింది. 1999 నుంచి దాదాపు 2007 దాకా కొందరు తైవాన్ తయారీదారుల కెపాసిటర్లలో ద్రవం నాసిరకంది పడి, అవి రెండుమూడేళ్ళకే పైన ఉబ్బిపోయి, కొన్ని కక్కేశాయి. ప్రపంచమంతా 'కెపాసిటర్ ప్లేగు' అని పేరుపెట్టుకుంది. ఆ రోజుల్లో బరువు తక్కువ, అందం ఎక్కువ అని కొన్న ఎన్ని ఎల్.సి.డి.లు నాలుగు డ్రమ్ముల పాపానికి చెత్తలోకి పోయాయో!

ఇంత తెలుసుకున్నాక నేనే విప్పుదామని కూర్చున్నాను. తప్పు చేశాను. మానిటరుకి స్క్రూలు కనపడవు, చుట్టూ ప్లాస్టిక్ కొక్కేలుంటాయి. పాత క్రెడిట్ కార్డు దూర్చి మెల్లగా విప్పాలని చదివాను. మెల్లగానే విప్పాను. టక్ మని రెండు కొక్కేలు విరిగాయి. లోపల వెనకభాగం తీసి చూస్తే, నాలుగు కెపాసిటర్ల తలలు పూరీల్లా ఉబ్బి ఉన్నాయి. ఆనందం పట్టలేకపోయాను, బగ్ దొరికితే ఎలా ఉంటుందో మీకు తెలుసుగా :) కానీ ఆ పక్కనే ఇంకోటి, లావుపాటిది, కూర్చుని ఉంది. అది గోడ కరెంటు వైపుది. మన 230 వోల్టులు డీసీగా మారేసరికి దాని మీద దాదాపు 325 వోల్టులుంటాయి, ప్లగ్గు పీకేశాక కూడా కొంతసేపు ఉండొచ్చు. దాన్ని చూసి బుద్ధిగా మూత పెట్టేశాను. సాఫ్టువేరు మనిషికి అన్‌డూ లేని చోట పని లేదు.

ఒకప్పుడైతే ఇంత ఆలోచన ఉండేది కాదు. సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి మోసుకెళ్తే సరి. ఇప్పుడు అక్కడా అమ్మేవాళ్ళు కనిపించినంతగా బాగుచేసేవాళ్ళు కనిపించట్లేదు. చివరికి ఒక మిత్రుడు చెబితే చైతన్యపురి దగ్గర సందులో ఒక కొట్టుకి వెళ్ళాను. పది అడుగుల గది. అటకమీద పిక్చర్ ట్యూబుల కాలం నాటి మానిటర్ల అస్థిపంజరాలు. అరవై దాటిన పెద్దాయన, నుదుటి మీద భూతద్దం పెట్టుకుని కూర్చున్నాడు. వెంట రెండు మానిటర్లు పట్టుకెళ్ళాను. ఒకటి నా చదరపు తెర, రెండోది 2014లో కొన్న ఇరవై రెండు అంగుళాలది. దాంట్లో మధ్యలో ఆకుపచ్చ గీత నిలబడింది. నా అంచనా ప్రకారం కొత్తది బాగుచేయించాలి, పాతది పారెయ్యాలి. వయసు చూసి ఎవరైనా అలాగే అనుకుంటారు కదా.

ఆయన చదరపుదాన్ని విప్పి ఒక్క చూపు చూశాడు. "ఇది ఖరాబ్ కాలే సార్, క్యాపాసిటర్లు ఉబ్బినయ్, గంతే. మామూలువి ఏస్తే ఆర్నెల్లకు మళ్ల వస్తరు. నూటైదు డిగ్రీలవి ఏపిస్త." పెద్దదాన్ని విప్పనే లేదు. వెలిగించి, అంచు మీద బొటనవేలితో నొక్కాడు. గీత మాయమైంది. వేలు తీశాడు, వచ్చింది. "దీన్ని ఇప్పను సార్. ఇప్పితే పైసలు తీసుకోవాలె, తీసుకుంటే బాగు చెయ్యాలె. ఇది కాదు. కొత్తది కొనుక్కోండ్రి."

అర నిమిషంలో రెండు తీర్పులు. రెండూ నా అంచనాకి తలకిందులు. చార్జీ సున్నా.

అప్పుడు అర్థమైంది నాకు. రిపేరా, కొత్తదా అన్నది మన ఇష్టాన్ని బట్టీ, జేబుని బట్టీ తీసుకునే నిర్ణయం అనుకుంటాం. నిజానికి అది నిర్ణయంగా మిగిలి ఉండేది విప్పి చూసి నిజం చెప్పే మనిషి మన ఊళ్ళో ఉన్నంత వరకే. ఆ కొట్టు మూతపడ్డ రోజు మన చేతిలో మిగిలేది ఒకే బటన్. ఫోన్‌లో "ప్యానెల్ పోయుంటుంది" అన్న కుర్రాడిది కూడా తప్పని అననిప్పుడు. అతని చేతికి విప్పి చూసే అవకాశం ఎవరూ ఇవ్వలేదు, స్క్రిప్టు ఇచ్చారు.

సరే, డబ్బు లెక్కలకొద్దాం. నాలుగు కెపాసిటర్లు, మజూరీ కలిపి ఐదొందలు. కోఠి గుజరాతీ గల్లీలో కెపాసిటర్లు కొన్నవాళ్ళకి తెలుసు, ఒక్కోటి ఎంతో. మజూరీయే ఎక్కువ, ఉండాల్సిందే. మా టీములో ఒకడు, "అది కరెంటు తాగేస్తుంది కదా, కొత్త ఎల్.ఇ.డి. అయితే పొదుపు" అన్నాడు. లెక్క కట్టాను. నాదానికి వెనక చీటీ మీద 38 వాట్లు. కొత్తది 18 అనుకుందాం. తేడా 20 వాట్లు. ఏడాదికి మూడువేల గంటలకి 60 యూనిట్లు. యూనిట్ ఎనిమిది రూపాయలేసుకున్నా 480 రూపాయలు. ఎనిమిది వేల మానిటరు కరెంటు పొదుపుతో తన ఖరీదు తిరిగి రాబట్టుకోవాలంటే పదహారేళ్ళు పైన పడుతుంది. అప్పటికి దాని కెపాసిటర్ల సంగతి దేవుడెరుగు. (పాత లావుపాటి పిక్చర్ ట్యూబు మానిటరుదైతే వేరే కథ. అది ఎనభై, వంద వాట్లు లాగేది. దాన్నుంచి మారడంలో అర్థం ఉంది.)

ఇంకో వాదన, కొత్తదాంట్లో అక్షరాలు స్పష్టంగా ఉంటాయి అని. ఇదీ చూద్దాం. నా 1280×1024 తెర మీద అంగుళానికి 86 చుక్కలు. 24 అంగుళాల 1920×1080 తెర మీద 92. అంటే ఎక్కువమంది కొనే కొత్త మానిటరు పదిహేడేళ్ళ పాతదానికంటే కొంచెమే మెరుగు. అదే 1920×1080ని ఇరవై ఏడు అంగుళాల మీద సాగదీసి ఆఫరులో అమ్ముతున్నారే, దాంట్లో 82! పెద్దది కొన్నామని సంబరపడి, 2008 నాటి తెర కన్నా ముతక అక్షరాలు చదువుతున్నారన్నమాట. నిజంగా తేడా కావాలంటే 27లో 2560×1440 కొనాలి, అప్పుడు 109 వస్తుంది. ఖరీదూ అలాగే పెరుగుతుంది.

ఇదంతా చదివి నన్ను పాత సామాన్ల భక్తుడి కింద జమకట్టకండి. పారెయ్యాల్సినవి పారెయ్యాలి. ట్యూబులైట్ల రకం తెరలు ముప్పై, యాభై వేల గంటలయ్యేసరికి వెలుతురు సగానికి పడిపోయి పసుపెక్కుతాయి. బ్రైట్‌నెస్ నూటికి నూరు పెట్టినా కళ్ళు చికిలించి చూస్తున్నారంటే ఆ మానిటరుకి సెలవిచ్చేయండి. కళ్ళకి స్పేర్ పార్టులు లేవు. నలభై దాటాక ఈ మాట ఇంకా గట్టిగా చెప్పగలను. కాలిన వాసన వస్తున్నా అంతే, మొహమాటపడకండి. వి.జి.ఏ. ఒక్కటే ఉంది, కొత్త లాప్‌టాపుకి తగిలించడం ఎలా అంటారా, కొన్ని వందలకి హెచ్.డి.ఎం.ఐ. నుంచి వి.జి.ఏ.కి మార్చే కన్వర్టర్ దొరుకుతుంది. అది కారణం కాదు, సాకు.

పారెయ్యడం అంటే ఎక్కడ అన్నది మళ్ళీ ఇంకో తలనొప్పి. కబాడీవాడు తూకం వేసి తీసుకుపోతాడు, మనకి పీడ విరగడవుతుంది. పాత ఎల్.సి.డి. ట్యూబుల్లో పాదరసం ఉంటుంది, కొద్దిగానే అయినా. పిక్చర్ ట్యూబుల గాజులో సీసం. రాగి తీగ కోసం ఆ ట్యూబులు పగలగొట్టేవాళ్ళు చేతికి తొడుగు కూడా లేకుండా కూర్చునేవాళ్ళు, మనం చూడనట్టు పోయేవాళ్ళం. మన దేశంలో ఈ-వ్యర్థాల నియమాలు 2012 నుంచి అమల్లో ఉన్నాయి. 2022లో తిరగరాసినవి 2023 ఏప్రిల్ నుంచి అమలయ్యాయి. తయారీదారుడే పాత సరుకు రీసైక్లింగుకి బాధ్యుడు అన్నది వాటి సారం. రిపేరు హక్కు పేరుతో కేంద్రం 2022 డిసెంబరులో ఒక పోర్టల్ కూడా పెట్టింది. ఐరోపావాళ్ళు ఇంకో అడుగు ముందుకేశారు. 2021 మార్చి నుంచి అక్కడ అమ్మే తెరలకి పవర్ సప్లై, కెపాసిటర్ల లాంటి విడిభాగాలు, ఆ మోడల్ ఆఖరి పీసు మార్కెట్లోకి వచ్చాక కూడా ఏడేళ్ళపాటు రిపేరువాళ్ళకి అందించాలని నియమం. నా కళ్ళు అక్కడే ఆగిపోయాయి. కెపాసిటర్లు అని పేరుపెట్టి మరీ రాశారు చూడండి! చట్టం రాసినవాడెవడో పొద్దున్నే మీటతో కుస్తీ పట్టిన బాపతే.

విడిభాగాలు సరే. వేసే చెయ్యి? ఆ కొట్టు దగ్గరికి మళ్ళీ వస్తాను, ఎందుకంటే ఇంకో సంగతి మిగిలింది.

మర్నాడు సాయంత్రం మానిటరు తెచ్చుకోవడానికి వెళ్ళినప్పుడు, పని ఇంకా అవలేదు. పెద్దాయన పక్కన నిలబడి చెబుతున్నాడు, బోర్డు మీద సోల్డరింగ్ చేస్తున్నది ఇరవై రెండేళ్ళ కుర్రాడు. ఆయన కొడుకు. "నాకు కండ్లు కనవడ్తలేవు సార్, సన్నపు పనంత వీడే చేస్తడు." ఆ అబ్బాయి చెయ్యి చూడాల్సిందే. పాతదాన్ని వేడిచేసి ఊడదీయడం, రంధ్రం శుభ్రం చెయ్యడం, కొత్తదాన్ని ప్లస్సు మైనస్సు చూసి దించడం, ఒక్కోదానికి రెండు నిమిషాలు. పైగా నేను విరక్కొట్టిన కొక్కేల దగ్గర ఏదో జిగురు పెట్టి మూత బిగించాడు, గీత కూడా కనపడట్లేదు. మూడేళ్ళుగా సాయంత్రాలు ఇక్కడే చేస్తున్నాడట.

డబ్బులిస్తుంటే పెద్దాయన గొంతు తగ్గించి, "మావోడు బీటెక్ అయిపోయిండు సార్. అమీర్‌పేటల టెస్టింగ్ నేర్చుకుంటుండు. మీ కంపెనీల ఏమన్న ఉంటే జర చూడుండ్రి" అన్నాడు.

"మరి కొట్టు?" అన్నాను, ఆపుకోలేక.

"ఇంక రెండు మూడేండ్లు నడుపుత. తర్వాత ఎవలు చేస్తరు సార్? నెలకు వానికి ఏమొస్తది ఇండ్ల?"

నా దగ్గర జవాబు లేదు. పదిహేడేళ్ళ క్రితం మా నాన్న పొగాకు వ్యాపారం వదిలి నేను ఇదే హైదరాబాదుకి ఇదే పనికి వచ్చినవాణ్ణి. ఏ మొహంతో వద్దంటాను? ఐదొందలు తీసుకునే పనికి వెయ్యి ఇవ్వబోతే ఆయన తీసుకోలేదు కూడా.

అబ్బాయి ఆ రాత్రే వాట్సాప్‌లో రెజ్యూమె పంపాడు. రెండు పేజీలు. మాన్యువల్ టెస్టింగ్, సెలీనియం, ఎస్.క్యూ.ఎల్., జట్టుగా పనిచేసే గుణం, త్వరగా నేర్చుకునే గుణం, అన్నీ ఉన్నాయి, అందరి రెజ్యూమెల్లో ఉన్నట్టే. బోర్డు విప్పి లోపం ఎక్కడుందో కనిపెట్టగలనని ఎక్కడా లేదు. ఫోన్ చేసి అడిగాను. మూడేళ్ళు కొట్లో చేసిన పని రాయలేదేం అని.

"అది ఎందుకు సార్, మా డాడీ షాపే కదా" అన్నాడు.

రాసి పంపమన్నాను, అప్పుడే ముందుకి పంపుతానన్నాను. వారమైంది, ఇంకా రాలేదు. ఇవాళ సాయంత్రం మళ్ళీ ఫోన్ చెయ్యాలి. మానిటరు మాత్రం పొద్దున్న మొదటి నొక్కుకే వచ్చింది. గీతపడ్డ ఇరవై రెండు అంగుళాలది కారు డిక్కీలోనే ఉంది, రీసైక్లింగుకి ఇచ్చొచ్చేదాకా మా ఆవిడ కూరగాయల సంచి వెనక సీట్లో పెట్టుకోవాల్సిందే.